ఓబుళరెడ్డి నోరు

1954 వేసవి చివర నన్ను మైదుకూరు ప్రాంతంలోని ఒక లోకల్ ఫండు ఆసుపత్రికి మెడికల్ ఆఫీసరుగా వేశారు. లోకల్ ఫండు ఆసుపత్రి అంటే జిల్లా బోర్డు నడిపేది. హోదా వినడానికి గొప్పగానే ఉంటుంది గాని, ఆ ఆఫీసరు కింద ఉండేది ఒక కాంపౌండరు, ఒక మంత్రసాని, ఊడ్చే మనిషి. నేను ఎల్.ఎం.పి. చదివినవాణ్ణి. ఎం.బి.బి.ఎస్. వాళ్ళకంటే ఒక మెట్టు దిగువ. పెద్ద కోత ఏదైనా అవసరమైతే చీటీ రాసి కడపకో కర్నూలుకో పంపాలి తప్ప మేము కత్తి పట్టకూడదు. అలా చీటీ రాసి పంపిన రోగుల్లో చాలామంది పెద్దాసుపత్రి దాకా పోయేవాళ్ళు కాదు. ఆసుపత్రి గేటు దాటగానే బండి ఇంటివైపు తిప్పేవాళ్ళు.

దానికి కారణం ఉంది. ఆ సీమలో ప్రాణం పోయేటప్పుడు మనిషిని మంచం మీద ఉంచరు. నేల అలికి, చాప పరిచి, దాని మీదికి దించుతారు. నోట్లో తులసినీళ్ళు పోస్తారు. 'ఆయప్పను దించినారు' అన్నారంటే ఇక ఆశ లేదని అర్థం. ఊరి పొలిమేర అవతల ప్రాణం పోతే మాత్రం శవాన్ని ఊళ్ళోకి రానివ్వరు. ఎంత మోతుబరి అయినా సరే, నేరుగా వల్లకాటికో సొంత చేనికో తీసుకుపోవాల్సిందే. కాబట్టి ఆసుపత్రి మంచం చూస్తే వాళ్ళకు పుట్టేది చావుభయం కాదు, ఇల్లు చేరలేమన్న భయం. నేను ఆదోని వైపు వాణ్ణి. మా దిక్కునా ఇదే ఆచారం కనుక నాకెవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. మా పై అధికారులకు చెప్పినా తలకెక్కేది కాదు. 'మొండి జనం' అని ఒక్క మాటతో తేల్చేసేవారు.

ఇప్పుడు చెప్పబోయేది ఓబుళరెడ్డి అనే రైతు సంగతి. పేర్లు మార్చాను. ఊరి పేరు అసలే రాయడం లేదు. ఆయన మనుమలు ఇంకా అక్కడే సేద్యం చేసుకుంటున్నారు, ఇందులో వాళ్ళ తప్పేమీ లేదు.

వేరుశెనగ పెరికే కాలంలో ఆయన మొదటిసారి మా ఆసుపత్రికి వచ్చాడు. కొడుకుకు జీపు ఉంది. అయినా ఎద్దులబండి కట్టించుకునే వచ్చాడు. ఆరడుగుల మనిషి, పంచె నడుము దగ్గర రెండు చుట్లు వదులైంది. మొదట సంగటి ముద్ద దిగడం మానేసిందట. అన్నం మెత్తగా పిసికి తిన్నాడు. అదీ ఆగిపోయింది.

“మజ్జిగన్నం గూడ ఈడికొచ్చి నిలబడతాండాది సామీ,” అని రొమ్ము మధ్య వేలు పెట్టి చూపించాడు.

గట్టి పదార్థం ముందు, మెత్తటిది తర్వాత, నీళ్ళు చివర. ఈ వరసలో మింగుడు ఆగిపోతూ వస్తే అది ఏ రోగమో చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు. అయినా నిర్ధారణ కావాలి. కర్నూలులో ఒక సర్జనుకు చీటీ రాశాను. ఆయన ఇంగ్లండులో చదివొచ్చినవాడు, సొంత నర్సింగు హోము ఉండేది. సున్నపునీళ్ళలాంటి బేరియం మందు తాగించి ఎక్స్‌రే తీశారు. అన్నం దిగే గొట్టంలో రాచపుండు, అంటే క్యాన్సరు. కోసి తీసేసే దశ దాటిపోయింది. మిగిలిందల్లా గ్యాస్ట్రాస్టమీ అనే చిన్న కోత. పొట్టకు రంధ్రం చేసి, కడుపులోకి రబ్బరు గొట్టం పెట్టి, గరాటుతో పాలూ గుడ్డూ గ్లూకోజూ పోస్తారు. ఆకలిచావు తప్పుతుంది. పుండు మాత్రం తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది.

ఓబుళరెడ్డి కర్నూలు నుంచి తిరిగివస్తూ నా దగ్గర ఆగాడు. ఆయన అడిగినవన్నీ సూటి ప్రశ్నలు. గొట్టం పెడితే పుండు పోతుందా అన్నాడు. పోదన్నాను. ఎన్నాళ్ళు ఎక్కువ బతుకుతానన్నాడు. కొన్ని వారాలు, మహా అయితే రెండు మూడు నెలలు అన్నాను. నొప్పికి మందుందా అన్నాడు. మార్ఫియా ఉంది, అది ఇంటికొచ్చి నేను వేస్తానన్నాను. చివరికి ఏమవుతుందో కూడా చెప్పించుకున్నాడు. గొంతు బొంగురుపోతుందని, మెల్లగా మాట పడిపోతుందని, ఆ తర్వాత మత్తులాంటి స్థితి వస్తుందని చెప్పాను. మాట పడిపోతుందన్న ముక్క మాత్రం రెండోసారి చెప్పించుకున్నాడు. తర్వాత, రేపు సాయంత్రం మా ఇంటికి రా సామీ, పని ఉంది అన్నాడు.

వెళ్ళేసరికి ఆయన ఇంటి అరుగు మీద పెద్దమనుషులు కూర్చుని ఉన్నారు. కొడుకు మద్దిలేటిరెడ్డి ఒక స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. అతను రోడ్డు కంట్రాక్టులు చేసేవాడు. కర్నూలు రాజధాని అయ్యాక ఖద్దరు తొడిగి, వారానికి నాలుగు రోజులు అక్కడే ఉంటున్నాడు. వాకిలి తలుపు పక్కన ఓబుళరెడ్డి చెల్లెలు లింగమ్మ నిలబడింది. పెళ్ళయిన కొత్తలోనే మొగుడు పోతే అన్న ఇంటికి వచ్చేసి, వదిన కూడా పోయాక ఆ ఇంటి పెత్తనమంతా తానే మోసిన మనిషి. ఆమె నోటికి ఊరంతా జడిసేది. చేను మేపిన ఎద్దు యజమాని నుంచి తహశీల్దారు బంట్రోతు దాకా ఎవరినీ వదిలేది కాదు.

ఓబుళరెడ్డి చెప్పాడు. “నా సంగతి డాక్టరప్పకు తెలుసు, నాకూ తెలుసు. ఇది తగ్గేది గాదు. పొట్టకు బొక్కపెట్టి పాలు పోస్తారంట. నాకొద్దు. నోట్లో పడని కూడు కూడెట్లయితాది? టయానికి నన్ను ఈ వసారాలో దించి నాలుగు చుక్కలు నీళ్ళు పోయండి. పొలిమేర మాత్రం దాటించొద్దండి. ఇప్పుడు నోరుండాది, చెప్తాండా. రేపు నోరు పడిపోతాది. అప్పుడు నా నోరు లింగమ్మ. ఆయమ్మ ఏం చెప్తే అది నేను చెప్పినట్ల.”

పెద్దమనుషుల్లో పెద్ద బాలిరెడ్డి. ఓబుళరెడ్డికి చిన్ననాటి జతగాడు. అంత బరువైన మాట విని తట్టుకోలేక కాబోలు, పరాచికం ఆడాడు.

“ఆయమ్మకుండే నోరు చాలదని నీది గూడ ఇస్తాండావా ఓబుళప్పా? ఇంక ఈ ఊరు నిలుస్తాదా?”

“నీది గూడ తీసుకుంటాలే అన్నా, ఊరికి పీడ పోతాది,” అంది లింగమ్మ తలుపు దగ్గర నుంచే.

అందరూ నవ్వారు. ఓబుళరెడ్డీ నవ్వాడు, ఆ నవ్వు దగ్గయి, ఆగడానికి చాలాసేపు పట్టింది. తర్వాత కొడుకును పిలిచి చెయ్యి చాపాడు. ఆ ఊళ్ళో చేతిలో చెయ్యి వేస్తే మాట ఇచ్చినట్లు. మద్దిలేటిరెడ్డి వచ్చి, “సరే నాయనా, నువ్వెట్లంటే అట్ల,” అని చెయ్యి వేశాడు. పెద్దమనుషులు చూశారు, నేనూ చూశాను. ఆ రోజుల్లో ఆస్తికి వీలునామా ఉండేది, ఒంటికి ఉండేది కాదు. ఉన్నా ఓబుళరెడ్డి రాసేవాడు కాదు. వేలిముద్ర కంటే మాట గట్టిదని నమ్మే తరం అది.

ఉన్న కొడుకును వదిలి చెల్లెలికి ఎందుకిచ్చావని నేను ఆయన్ను విడిగా అడిగాను. “మావాడు మంచోడే సామీ. మంచోడయినా పదిమందికి జవాబు చెప్పుకోవాల. లింగమ్మకు ఎవరికీ జవాబు చెప్పే పనిలేదు,” అన్నాడు. చదువుకున్న ఎంతోమంది నోట ఇంత తెలివైన మాట నేను వినలేదు. అది ఎందుకూ పనికి రాకపోవడం వేరే సంగతి.

సంక్రాంతి అయిపోయేసరికి ఆయన గొంతు పోయింది. మార్ఫియా మొదలుపెట్టాను. ఆ మందు ఇనపబీరువాలో తాళం వేసి ఉంచాలి. కావలసినంత రావాలంటే పై అధికారి సంతకంతో ఇండెంటు పెట్టాలి. మా చిన్న ఆసుపత్రికి అంత ఎందుకని జిల్లా ఆఫీసు నుంచి సంజాయిషీ అడిగారు. రాచపుండు అని రాశాను. పంపారు. ఆయన వసారాలో మంచం మీద, నొప్పి లేకుండా, చెంచాతో మజ్జిగతేట చప్పరిస్తూ పడుకుని ఉండేవాడు. సేద్యగాళ్ళు వచ్చి కాళ్ళ దగ్గర కూర్చుని పైరు సంగతులు చెబితే కళ్ళతో వినేవాడు. నా ఉద్యోగంలో చాలా చావులు చూశాను. ఆ వారాల్లో ఆయన పోయి ఉంటే, వాటిల్లో అంత కుదురైన చావు ఇంకొకటి ఉండేది కాదని ఇప్పటికీ అనుకుంటాను.

కానీ ఆ ఫిబ్రవరిలో శాసనసభకు ఎన్నికలు వచ్చాయి. మద్దిలేటిరెడ్డి నిలబడ్డాడు. ఏ పార్టీయో రాయను, ఏ పార్టీ అయినా జరిగేది ఇదే. చుట్టుపక్కల పల్లెల్లో ఓట్లు కొడుకును చూసి పడేవి కావు, ఓబుళరెడ్డి పేరు చూసి పడాల్సినవి. అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి. తండ్రి పోతే కొడుక్కి కర్మలు అయ్యేదాకా మైల. మైలలో ఉన్నవాడు ఇంకొకరి గడప తొక్కరాదు. ఓట్లడిగేవాడికి గడప తొక్కడం తప్ప వేరే పని ఏముంటుంది? ఈ లెక్క ఎవరూ పైకి చెప్పలేదు. జీపు డ్రైవరు మాత్రం బీడీ ముట్టించుకుంటూ మా కాంపౌండరుతో, “పెద్దాయన పోలింగు దాంక ఉంటే చాలంట,” అన్నాడట.

ఒక పొద్దున నేను సూది వెయ్యడానికి వెళ్ళేసరికి ఇంటి ముందు జీపు ఉంది. వెనక సీట్లు తీసేసి పరుపు వేశారు. మద్దిలేటిరెడ్డి, అతని మనుషులు ఇద్దరు మంచానికి అటూ ఇటూ నిలబడ్డారు. లింగమ్మ మంచం ముందు నిలబడింది.

“వద్దన్నాడు గదరా. నీ చేతిలో చెయ్యేసి చెప్పినాడు గదరా,” అంటోంది.

“అత్తా, నువ్వు లోపలికి పో.”

“నేను లింగమ్మను గాదు ఇప్పుడు. మాయన్న నోరు. ఆయన చెప్తాండాడు, వద్దని.”

“ఆడోళ్ళ మాటకు నాయన్ను ఆకలితో చంపమంటావా?”

అరుగు మీద పెద్దమనుషులు ఉన్నారు. ఆ రోజు చెయ్యి వెయ్యడం చూసినవాళ్ళే. నేను వాళ్ళకు మళ్ళీ వివరించాను. ఈ స్థితిలో కోత పెడితే బాధే తప్ప లాభం లేదని, దారిలోనే పోవచ్చునని, అన్నిటికంటే ముందు ఇది ఆయన వద్దన్న పని అని. బాలిరెడ్డి నేల చూపులు చూస్తూ, “కన్నకొడుకు వైద్యం చేపిస్తానంటే అడ్డం పడేదెట్ల సామీ? రేపు లోకం మమ్మల్ని ఏమంటాది?” అన్నాడు. ఇంకొకాయన, ముందు ఏదో అనుకుంటారు, ప్రాణం మీదికొచ్చినాక మనిషి మనసు మారదా అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. అందుకే నేను మంచం దగ్గరికి వెళ్ళి, వంగి, ఆయన్నే అడిగాను. కర్నూలు పోతావా పెద్దాయనా?

ఓబుళరెడ్డి కళ్ళు తెరిచాడు. నన్ను చూశాడు. చెయ్యి దుప్పటి మీద నుంచి మెల్లగా లేపి, లింగమ్మ వైపు వేలు చూపించాడు.

అంతకంటే స్పష్టంగా ఎవరు చెప్పగలరు? నా నోరు అక్కడుంది, దాన్ని అడగండి అన్నాడు. నాకు అర్థమైంది, లింగమ్మకు అర్థమైంది. బాలిరెడ్డికీ అర్థమయ్యే ఉంటుంది, ఎందుకంటే తల ఇంకా కిందికి వంచుకున్నాడు. మద్దిలేటిరెడ్డి మాత్రం ఏ తడుముకోవడమూ లేకుండా, “అత్తను గూడ రమ్మంటాండాడు. ఎక్కు అత్తా,” అన్నాడు.

ఎత్తుకుపోయి జీపులో పడుకోబెట్టారు. లింగమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఎక్కింది. నేను ఇంకా ఏదో అంటుంటే మద్దిలేటిరెడ్డి నా దగ్గరకొచ్చి, ఎంతో మర్యాదగా, మీరు జిల్లా బోర్డు ఉద్యోగస్థులు, మా ఇంటి విషయాల్లో ఎందుకు శ్రమ పడతారు అన్నాడు. బోర్డులో సగం మంది అతని వాళ్ళే. నాకు కోపం నషాళానికంటింది. ఆ కోపంతో చెయ్యగలిగింది మాత్రం ఒక్కటే, నొప్పి సూదులు ఎప్పుడెప్పుడు వెయ్యాలో చీటీ రాసి లింగమ్మ చేతిలో పెట్టాను.

కర్నూలు సర్జను గొట్టం పెట్టాడు. ఆయన్ను తప్పు పట్టను. రోగి మాట్లాడలేడు, కొడుకు సంతకం పెట్టాడు, కోత సరిగ్గా చేశాడు. లింగమ్మ అక్కడ కూడా నర్సులతో, డాక్టర్లతో, చివరికి గరాటు పట్టుకునే వార్డుబాయ్‌తో కూడా చెప్పిందట, ఈయన వద్దన్నాడు, నేను ఆయన నోరు అని. మతి చెడిన ముసలమ్మ అనుకున్నారు. “ఎద్దుకు గొట్టంతో మందు పోసినట్ల పోస్తాండిరి సామీ. ఎద్దయితే తలకాయ ఇదిలిస్తాది,” అని తర్వాత నాతో అంది.

పల్లెల్లో ప్రచారం సాగింది. ఎవరైనా పెద్దాయన ఎట్లుండాడని అడిగితే, కర్నూల్లో పెద్ద వైద్యం చేపిస్తాండాం, కోలుకుంటాండాడు అని మద్దిలేటిరెడ్డి చెప్పేవాడు. కొడుకంటే అట్లుండాల అని జనం మెచ్చుకున్నారు.

పోలింగు ముగిసింది. ఆ వారంలోనే నాకు కబురొచ్చింది, పెద్దాయన్ను ఇంటికి తెస్తున్నాం, దారిలో సూది వెయ్యడానికి డాక్టరు ఉండాలి, సెలవు సంగతి బోర్డులో మాట్లాడాం అని. బండి ఎవరిదని చూసుకోలేదు, రోగి కోసం కర్నూలు వెళ్ళాను. పొట్ట దగ్గర కట్టు చీము పట్టి ఉంది. మనిషి తెలివిలో లేడు. తెల్లవారగానే బయల్దేరాం. ఆళ్ళగడ్డ దగ్గర ఊపిరి తేడాగా ఉంది. చాగలమర్రి దాటాక ఆగిపోయింది. జీపు ఆపించి, నాడి చూసి, గుండె విని, కళ్ళలో టార్చి వేసి, పోయాడని చెప్పాను.

లింగమ్మ ఆయన తల ఒళ్ళో పెట్టుకుని ఉంది. ఏడవలేదు. మద్దిలేటిరెడ్డి ముందు సీట్లోంచి దిగి వచ్చి, కాసేపు తండ్రి పాదాల మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది నటన కాదని చెప్పాలి. తర్వాత కళ్ళు తుడుచుకుని మా ఇద్దరికీ చెప్పాడు.

“ఊపిరి ఉండాదని చెప్పండి. ఊళ్ళోకి పోయి వసారాలో దించుతాం. నాయన కోరిక గూడ అదే గదా.”

అరుగు మీద ఇచ్చిన మాట అతనికి అప్పుడు గుర్తొచ్చింది.

పొలిమేర రాయి దగ్గర జనం కాచుకుని ఉన్నారు. ఇంట్లో వసారా అలికి, చాప వేసి, తులసినీళ్ళు సిద్ధం చేశామని ఎవరో అన్నారు. బాలిరెడ్డి ముందుకొచ్చి జీపు వెనక నిలబడ్డాడు. ఊళ్ళోకి వదలాలంటే అడగాల్సిన ప్రశ్న అడిగాడు.

“ఊపిరి ఉండాదా?”

“ఉండాది,” అన్నాడు మద్దిలేటిరెడ్డి.

“నిన్ను గాదప్పా.” బాలిరెడ్డి నా వైపు కూడా తిరగలేదు. లింగమ్మనే చూశాడు. “ఆయన నోరు నీకిచ్చినాడు గదమ్మా. నువ్వు చెప్పు.”

ఆమె ఒక్క మాట అంటే చాలు. ఓబుళరెడ్డి కోరుకున్న వసారా అక్కడికి కూతవేటు దూరంలో ఉంది. శవానికి తులసినీళ్ళు పోసినా చూసీ చూడనట్లు ఊరుకునేవాళ్ళే అక్కడున్నవాళ్ళంతా. నాకూ మనసులో, ఉండాదని చెప్పు తల్లీ, అనే ఉంది.

లింగమ్మ తన అన్న మొహం మీద చెంగు సరిచేసింది.

“నా నోరయితే అబద్దం చెప్పేదాన్ని అన్నా. శానా చెప్పినా. ఇది మాయన్న నోరు. ఊపిరి లేదు.”

బాలిరెడ్డి అప్పుడు నన్ను చూశాడు. లేదని తల ఊపాను. ఆయన రాయి పక్కనుంచి చేనికి పోయే బండిదారి చూపించాడు. జీపు అటు తిరిగింది. వేరుశెనగ పెరికేసిన ఆ చేనిలోనే, గట్టు పక్కన పూడ్చారు. అలికిన వసారా అలాగే ఆరిపోయింది.

మద్దిలేటిరెడ్డి ఎన్నికలో గెలిచాడు. ఓడిపోయి ఉంటే ఈ కథకు ఒక నీతి ఉండేది. తర్వాత ఎన్నో ఏళ్ళు పదవుల్లో ఉన్నాడు, తండ్రి పేరు మీద ఊళ్ళో ఒక బడి కట్టించాడు. ప్రారంభానికి నన్నూ పిలిచాడు. వెళ్ళలేదు.

కర్మలు అయ్యాక లింగమ్మ కాలికి ముల్లు దిగి ఆసుపత్రికి వచ్చింది. ముల్లు తీస్తూ అడిగాను, ఆ రోజు అబద్ధం చెప్పి ఉంటే ఆయన కోరికైనా తీరేది కదమ్మా అని. ఆమె గొంతు ఎప్పటిలా పెద్దగా లేదు.

“ఆ నోటితో అన్నాళ్ళూ నిజమే చెప్పినా సామీ. ఎవురూ ఇనలేదు. ఆ పొద్దు గూడ నిజమే చెప్పినా. ఆ పొద్దు మాత్రం అందరూ ఇన్న్యారు.”

బతికినంతకాలం చెల్లని నోరు చచ్చాక చెల్లింది, అదీ ఆయన కోరికకు ఎదురుగా. దీన్ని తలచుకున్నప్పుడల్లా నాకు ఇప్పటికీ నోరు చేదవుతుంది.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా తగ్గని జబ్బు రోగులను చాలామందిని చూశాను. చివరి రోజుల్లో ఏం చెయ్యాలో, ఏం వద్దో ముందే చెప్పుకోమని అందరికీ చెప్పేవాణ్ణి. వాళ్ళు మొదట ఎప్పుడూ తమ మనసెరిగిన మనిషి పేరు చెప్పేవాళ్ళు. భార్య, కూతురు, అక్క, ఒకచోట జీతగాడు. సరే అని, మీ ఇంట్లో బండి ఎవరిది, సంతకం ఎవరిది, ఊళ్ళో మాట ఎవరిది అని అడిగేవాణ్ణి. ఆ బండీ సంతకమూ ఉన్న మనిషిని పిలిపించి, రోగి చేత నాలుగుసార్లు చెప్పించి, రోగి మనసెరిగిన మనిషి ఎదుట అతని చేతే తిరిగి అనిపించేవాణ్ణి. కొందరికి కోపం వచ్చేది, డాక్టరుకు ఇంటి పెత్తనాలు ఎందుకని. అలా చేసినా అన్నిసార్లూ మాట నిలబడలేదు. కొన్నిసార్లు నిలబడింది.

ఓబుళరెడ్డి తన నోరు ఎవరికివ్వాలో సరిగ్గానే చూసుకున్నాడు. జీపు ఎవరిదో చూసుకోలేదు.